జిల్లాలో ఎవరికీ రాని గడ్డ

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో సగం తీసేసి వినండి. నిమ్మకాయను గుమ్మడికాయ చేసి చెప్పకపోతే నాకు అన్నం అరగదు.

2003, అనంతపురం. నేను పాథాలజిస్టును, అంటే కోసి తీసిన గడ్డ ఏ జబ్బుదో తేల్చేవాణ్ణి. బెళుగుప్ప వైపు రైతు ఓబులేసు కిడ్నీ నా దగ్గరికి వచ్చింది. డబ్బా మూత తీస్తే ఫార్మలిన్ ఘాటుకు గోడమీది బల్లి కళ్లు తుడుచుకుంది.

కిడ్నీ క్యాన్సర్ కోస్తే మామూలుగా పసుపు పచ్చగా ఉంటుంది. ఇది లేత గోధుమరంగు. స్లైడులో పెద్ద పెద్ద కణాలు, గీత గీసినట్టు గట్టి అంచులు. వానల్లేని ఏడు శెనక్కాయ ఒలిస్తే ముడుచుకుపోయిన గింజ, చుట్టూ ఖాళీ కనిపిస్తాయే, ప్రతి కణంలో న్యూక్లియస్ అచ్చం అట్లాగే ఉంది. కొల్లాయిడల్ ఐరన్ అనే రంగు వేస్తే నీలంగా తేలింది. క్రోమోఫోబ్ రీనల్ సెల్ కార్సినోమా. పుస్తకంలో తప్ప నేనెన్నడూ చూడనిది.

ఊళ్లో డాక్టర్లందరికీ ఫోన్లు చేశాను. తిరునాళ్లకు వచ్చినట్టు బారులు తీరారు. సరే, ముగ్గురు వచ్చారు.

ఆ పొద్దున రిపోర్టు కోసం వరండాలో కూర్చున్న ఓబులేసు భార్య నారాయణమ్మ నన్ను ఆపింది. "ఏం సార్, అందరూ వచ్చి చూసిపోతాండారు. అంత పెద్ద జబ్బా?"

"జిల్లాలో ఎవరికీ రానిదమ్మా," అన్నాను, గడ్డ నేనే పండించినట్టు. సాయంత్రం రిపోర్టు ఇస్తానని చెప్పి లోపలికి పోయాను.

సాయంత్రం నెమ్మదిగా వివరించాను. ఈ రకం అరుదే గానీ, మిగతావాటంత మొండిది కాదు. గడ్డ మొత్తం కిడ్నీతోనే వచ్చేసింది. మనిషి బతకడానికే ఎక్కువ అవకాశం.

అప్పుడు ఆమె అసలు సంగతి చెప్పింది. ముందురోజే వాళ్ల ఊళ్లో వాన పడింది. మా సీమలో విత్తడానికి సరిపడే పదును, అంటే నేలలో తడి, రెండు మూడు రోజులే నిలుస్తుంది. నా మాట విని, ఇంక ఈయన దక్కడనుకుని, మధ్యాహ్నమే ఎస్టీడీ బూత్ నుంచి మరిదికి ఫోన్ చేసిందట. పదును పోకముందే విత్తనాలు పక్క చేనోళ్లకు ఇచ్చేయమందట. అవి అప్పటికే వాళ్ల నేలలో పడిపోయాయి.

"ఆ మాట పొద్దన్నే చెప్పింటే ఇచ్చేస్తాంటినా సార్?" అంది.

రిపోర్టు ఆమె చేతిలో పెట్టాను. ఆమే నవ్వి, "పోనీలే సార్, మనిషి మిగిలినాడు" అంది.

అప్పట్నుంచి స్లైడు ఎంత వింతదైనా, వాకిట్లో కూర్చున్నవాళ్లకు చెప్పాల్సింది చెప్పాకే ఇంకొకరికి చూపిస్తున్నాను.

ఇందులో బల్లి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇంకొకటి కూడా కల్పించాను. ఆమె నవ్వలేదు. పోనీలే అనలేదు. రిపోర్టు మడిచి కొంగున ముడేసుకుని, నా వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.