వంటావార్పు నాటి మిమిక్రీ

మా ఇల్లు చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో. సందు దాటి ఎటు నడిచినా ఏదో ఒక సినిమా హాలు తగిలేది. కాబట్టి నాకు సినిమా పిచ్చి పట్టడంలో నా గొప్పేమీ లేదు. నాన్నకు తెర మీద బొమ్మ కదిలితే తలనొప్పి. అమ్మకు మాత్రం నారాయణగూడలో పాత సినిమా పడిందంటే ఇంట్లో కాలు నిలిచేది కాదు. పొద్దున్నే వంట ముగించి, నన్నూ పక్కింటావిడనూ వెంటేసుకుని మార్నింగ్ షోకి బయల్దేరేది. పక్కింటావిడది కృష్ణా జిల్లా. భర్త సర్కారీ నౌకరీ కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. ఆవిడ ఆవిడ భాషలో, అమ్మ అమ్మ భాషలో దారి పొడుగునా మాట్లాడుకునేవాళ్లు. ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

పాత సినిమా అంటే నా దృష్టిలో నలుపు తెలుపే. రంగులొచ్చాక బట్టలు బాగుపడ్డాయి, నటన చెడింది. ఈ మాట కాదన్నవాడితో టీ చల్లారేదాకా కొట్లాడతాను. తెర మీద కిరీటం పెట్టుకున్నవాళ్లకు బయట కుర్చీ వేసిన జాతి మనదని వెక్కిరించేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. సినిమాలో పేదవాడికి అన్నం పెట్టినవాడు బయట కూడా పెడతాడని నమ్మడంలో తప్పేముంది? మోసపోయేవాడికి సిగ్గెందుకు, చేసేవాడికి ఉండాలి గానీ. నేను కూడా అలా నమ్మే ఓట్లేశాను. ఒకసారి కాదు.

ఇంత పిచ్చి ఉన్నవాడికి ఒక విద్య అబ్బకుండా ఉండదు. నాకు మిమిక్రీ వచ్చింది. మిమిక్రీలో గొంతు కంటే ముందు ఒళ్లు మారాలి. రాజు వేషానికి ఛాతీ, ముసలి తండ్రికి మెడ, పనివాడికి భుజం. ఒక భుజం పైకెత్తి, మెడ వంచి, పెదవి కాస్త పక్కకు లాగితే పనివాడి గొంతు దానంతట అదే ఊడిపడుతుంది. హిమాయత్‌నగర్‌లో మా ఆఫీసు. ఎవరు రిటైరైనా, ఎవరికి ప్రమోషన్ వచ్చినా నా మిమిక్రీ ఉండాల్సిందే. మొదట రాజు, తర్వాత కన్నీళ్ల తండ్రి, చివర్లో పనివాడు. రాజుకు చప్పట్లు వచ్చేవి. పనివాడికి మాత్రం మా మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వేవాడు.

ఆ పనివాడు మాట్లాడేది మా ఇంటి భాష. పాత సినిమాల్లో మా భాష ఎవరి నోట్లో ఉండేదో చూసినవాళ్లందరికీ తెలుసు. రాజు మాట్లాడడు, పంతులు మాట్లాడడు, కథానాయకుడి తల్లి అసలే మాట్లాడదు. లుంగీ ఎగ్గట్టిన రౌడీ, కల్లు తాగి తూలేవాడు, అంట్లు తోమే మనిషి, వీళ్లకే ఇచ్చారు. నేను హాల్లో పగలబడి నవ్వేవాణ్ని. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. చాలా ఏళ్లు నాకు ఆ కొంగే సాక్ష్యం. అమ్మే నవ్వుతుంటే ఇక తప్పేముందనుకునేవాణ్ని.

ఆఫీసులో నేను మాట్లాడేది వేరే. ‘వస్తున్నానండీ’, ‘చూస్తానండీ’ అంటూ రాజుల సినిమాల్లో నేర్చిన తెలుగు. స్కూటర్ నారాయణగూడ చౌరస్తా దాటిందంటే నాలుక కూడా గేరు మార్చేది. సాయంత్రం వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ ‘వస్తున్న’, ‘సూస్త’. ఇందులో నాకేమీ కష్టం ఉండేది కాదు, పైగా రెండు నాలుకలున్నవాణ్నని లోపల కాస్త గర్వం కూడా.

రెండు వేల తొమ్మిది చివర్లో ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరు రగిలింది. అశోక్ నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు పుస్తకాలు మూసి రోడ్డు మీదికొచ్చారు. అక్కడి టీ బండ్ల దగ్గర జరిగే చర్చల్లో నేను పెద్దమనిషినైపోయాను. ఉద్యోగాల గురించీ నీళ్ల గురించీ వాళ్లకు నాకంటే బాగా తెలుసు, సినిమాల గురించి నాకు తెలుసు. ఏ సినిమాలో మన భాషను ఏ వెధవ నోట్లో పెట్టారో నేను సీన్లతో సహా చెబుతుంటే వాళ్లు గ్లాసులు పట్టుకుని వినేవాళ్లు. చెబుతూ చెబుతూ నాకే కోపం వచ్చేది. అబద్ధపు కోపం కాదది. మా అమ్మను అవమానించారు అని మొదటిసారి అనిపించిన రోజులు అవి.

ఆ తర్వాతి ఏడాదో ఆపై ఏడాదో మా చిక్కడపల్లిలో వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి, పొయ్యిలు వెలిగించి, బస్తీ అంతా నడిరోడ్డు మీద వండుకుని అక్కడే తినడం. ఉద్యమంలో అదొక పద్ధతి. కొట్లాటకు వెళ్లని ఆడవాళ్లు కూడా దానికి వస్తారు. అమ్మ ఇంట్లో చాట తీసుకుని మరీ వచ్చింది. బియ్యం ఏరే గుంపులో, మైకుకు సరిగ్గా ఎదురుగా కూర్చుంది. పక్కింటావిడ రాలేదు గానీ పెద్ద గంటె ఒకటి ఇచ్చి పంపింది.

పాటలయ్యాక మైకు దగ్గరున్న సారు నన్ను పిలిచాడు. ఆయన బస్తీలో అందరికీ చదువు చెప్పిన రిటైర్డ్ తెలుగు మాస్టారు.

‘‘నీకు పాత సినిమాలు మస్తు ఎరుక గద. అండ్ల మనల్ని ఎట్ల జూపిచ్చిండ్రో జర అందరికి చెప్పు’’ అన్నాడు.

నేను ముందురోజే సిద్ధమయ్యాను. ఏం చెప్పాలో అంతా మనసులో పేర్చుకున్నాను. ఆఫీసు తెలుగులో మాట్లాడకూడదని, అమ్మ మాట్లాడినట్టే మాట్లాడాలని కూడా గట్టిగా అనుకున్నాను. మా అమ్మ భాష ఇది, ఇందులో లాలిపాట పాడొచ్చు, తగువు తీర్చొచ్చు, మరి తెర మీద తల్లికి ఎందుకు ఇవ్వలేదు అని అడుగుదామని. మైకు పట్టుకుని అమ్మ వైపు చూశాను. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని నా వైపే చూస్తోంది. పక్కనున్నామెతో నా కొడుకే అని చెబుతున్నట్టుంది.

‘‘మా అవ్వ గిట్ల మాట్లాడ్తది’’ అని మొదలుపెట్టాను. మా భాషలో అవ్వ అంటే అమ్మే.

నా భుజం పైకి లేచింది. నేను లేపలేదు. మెడ వంగింది, పెదవి పక్కకు పోయింది. నా నోట్లోంచి వచ్చింది పనివాడి గొంతు. ఇన్నేళ్లుగా నలుగురి ముందు ఆ భాష మాట్లాడిన ప్రతిసారీ ఆ గొంతుతోనే మాట్లాడాను. జనం ముందు దాన్ని ఇంకోలా పలకడం నా ఒంటికి తెలియదు. జనం గొల్లుమన్నారు. చెడ్డ నవ్వు కాదు, సొంత మనిషి తమాషా చేస్తున్నాడని నవ్విన నవ్వు.

అక్కడ ఆపి ఉంటే పోయేది. సారీ అని గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టొచ్చు. కానీ నవ్వు వినగానే నాలో ఏదో తీపి పాకింది. నేను ఆపలేదు. మొత్తం ఐటెం చేశాను. కల్లు తాగి గుమ్మం తట్టుకుని పడే సీనుతో సహా, ‘మా అవ్వ గిట్ల’ అన్న ముక్క నాలుగు మాటలకొకసారి తగిలిస్తూ. ఇంకోటి, ఇంకోటి అని అరిచారు. సారు మాత్రం తల వంచుకుని చెప్పుతో రాయిని కదుపుతున్నాడు. అమ్మ చేయి చాటలో ఆగిపోయి ఉంది. తర్వాత ఆమె తల దించుకుని మళ్లీ బియ్యం ఏరింది. ఆ రోజు రోడ్డు మీద అందరూ పప్పన్నం తిన్నారు. అమ్మ ఆకలి లేదంది.

ఇంటికి వస్తుంటే సందు మొదట్లో ఆగి నన్ను అడిగింది.

‘‘నేను గట్ల మాట్లాడ్తనా బిడ్డా?’’

సినిమా గురించి చెప్పబోయాననీ, అది సినిమావాళ్ల తప్పనీ, నువ్వు కూడా హాల్లో నవ్వేదానివి కదా అనీ ఏదేదో అన్నాను. అమ్మ అంతా విన్నది.

‘‘సినిమాల నవ్విన, నిజమే. గాడు ఎవడో. నువ్వు నడిబజార్ల నా పేరు జెప్పి నవ్విచ్చినవ్’’ అంది.

సిగ్గుతో చచ్చిపోవడం అనే మాట మనం ఊరికే వాడేస్తాం. దాని అర్థం నాకు ఆ సందులో తెలిసింది. అమ్మ తాళం తీసి లోపలికి వెళ్లి దీపం కూడా పెట్టింది, నేను ఇంకా బయటే నిలబడ్డాను.

తెల్లారి లేచేసరికి వంటింట్లోంచి అమ్మ అడిగింది, ‘‘కాఫీ తాగుతావా నాన్నా?’’ అని. ఎగతాళి చేస్తోందనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. మధ్యాహ్నం ‘‘అన్నం వడ్డించమంటావా?’’ అంది. సాయంత్రం ‘‘జాగ్రత్తగా వెళ్లిరా’’ అంది. ఒక్కో మాట ఆచితూచి, చివర ఏదీ తుంచకుండా, నలుపు తెలుపు సినిమాల్లో తల్లులు మాట్లాడినట్టే. నేను నేర్చుకున్న చోటే ఆమె కూడా నేర్చుకుంది. కాకపోతే ఇన్నేళ్లూ ఆమెకు ఆ అవసరం రాలేదు.

నాలుగు రోజుల్లో మర్చిపోతుందనుకున్నాను. మర్చిపోలేదు. కూరగాయలామెతో, పక్కింటావిడతో, పాలవాడితో ఎప్పటిలాగే గలగలా తన మాట. నేను గదిలోకి అడుగుపెడితే మాట సినిమా తెలుగులోకి మారేది. ఒకరోజు ఉండబట్టలేక కాళ్ల దగ్గర కూర్చుని, నాతో అట్ల మాట్లాడకే, ఎప్పటి లెక్కనే మాట్లాడు అని బతిమాలాను. ఆ అడగడంలో కూడా నా గొంతు నాకే నటనలా వినిపించింది. అమ్మకు ఎలా వినిపించిందో తెలియదు. ‘‘అలాగే నాన్నా’’ అంది. నా మీద కోపంతో అన్నదైతే ఎంత బాగుండేదో. ప్రేమగానే అంది.

ఆఫీసులో మిమిక్రీ మానేశాను. గొంతు పాడైందని చెప్పాను. అశోక్ నగర్ పిల్లలకు కూడా మొహం చాటేశాను. ఏ రచయిత మా భాషను ఎవరి నోట్లో పెట్టాడో ఇప్పటికీ చెప్పగలను, అన్నీ నిజాలే. కానీ చిక్కడపల్లి రోడ్డు మీద మైకు పట్టుకున్నది ఏ రచయితా కాదు.

రెండు వేల పధ్నాలుగులో రాష్ట్రం వచ్చిన రోజు మా సందంతా పటాకులు కాల్చారు. అమ్మ బెల్లం పరమాన్నం వండి గిన్నెలో పోసుకుని ముందు పక్కింటికే వెళ్లింది. ఆవిడ తలుపు ఓరగా తీసి నిలబడింది. పిల్లలు విజయవాడ వచ్చెయ్యమంటున్నారని, ఏం చెయ్యాలో తెలియడం లేదని మెల్లగా చెప్పింది. అమ్మ ఆవిడ చేతిలో గిన్నె పెట్టి, చెయ్యి వదలకుండా అంది.

‘‘యాడికి వోతవ్ అక్క, గీడనే ఉండు. మేం లేమా ఏంది నీకు?’’

ఎంత ధీమాగా ఉంది ఆ మాట. నేను ఆనాడు మైకులో చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఆ భాషలోని ఈ ధీమా గురించే. గేటు దగ్గర నిలబడి విన్నాను. పక్కింటావిడ ఏడుస్తూ నవ్వుతూ అమ్మను లోపలికి లాగింది. కాసేపటికి అమ్మ బయటికొచ్చి, గేటు దగ్గర నన్ను చూసి కొంగు సర్దుకుంది.

‘‘నువ్వు కూడా తీసుకో నాన్నా, చల్లారిపోతుంది’’ అంది.

‘‘తీసుకుంటానమ్మా’’ అన్నాను.