ఎనిమిదేళ్ళు యాభై ఆరు

మా వదిన ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నేను మూడో తరగతి. ఆ ఏడాదే మా బడిలో ఆవిడకు టీచరు ఉద్యోగం వచ్చింది, అదీ మూడో తరగతికే. ఇక నా అవస్థ ఏం చెప్పను! ఇంట్లో ఎక్కం తప్పు చెబితే బడిలో నిలబెట్టేది, బడిలో తప్పు చెబితే ఇంట్లో కంచం ముందు మళ్ళీ అప్పజెప్పించుకునేది. మరిది అన్న మొహమాటం ఏ కోశానా లేదు.

ఆవిడది కంచు గొంతు. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి మొదటి ముక్క అందిస్తే తరగతంతా మిగతాది అందుకునేది. ఊరికే బట్టీ కాదు. బల్ల మీద గులకరాళ్ళు వరసలుగా పేర్చి, మూడు నాలుగులు పన్నెండు ఎందుకయిందో వేలితో తాకించి చూపేది. ఆ తర్వాతే నోటికి.

ఆవిడ రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. "బట్టీలు ఆపేయండి మేడమ్, పిల్లలకి అర్థం కావాలి" అన్నాడు. అందులో తప్పేం లేదు. కానీ ఎక్కాలు ఆగాయి, గులకరాళ్ళూ అటకెక్కాయి, వాటి బదులు తెర మీద రంగుల బొమ్మలు వచ్చాయి. ఐదో తరగతి పిల్లలు కూడా ఏడూ ఎనిమిదీ కలపమంటే ఫోను కోసం దిక్కులు చూసేవారు. అర్థమూ లేదు, నోటికీ రాదు! నాకు ఒళ్ళు మండేది. వదిన మాత్రం "పోనీలే అబ్బాయ్, పిల్లల తప్పా అది?" అని, అడిగినవాళ్ళకు వరండాలో కూర్చోబెట్టి చెప్పేది. అడిగేవాళ్ళు తక్కువే.

రిటైరయ్యాక మా పక్క వీధిలోనే కొడుకు దగ్గర ఉంటుండగా పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ, మాటా పోయాయి. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. జవాబు చెప్పబోయి, పెదవులు కదిలించి, చివరికి మొహం తిప్పుకునేది. ఆ గొంతు అలా మూగబోతే చూడలేకపోయాను.

మాట నేర్పడానికి ఒకమ్మాయి ఇంటికి వచ్చేది. ఒకరోజు ఆమె వదిన మనవరాలిని పలకరించింది. "నీకెన్నేళ్ళమ్మా?"

"ఎనిమిదేళ్ళు" అంది పిల్ల.

"యాభై ఆరు" అంది కుర్చీలోంచి వదిన.

నెలల తర్వాత ఆ నోట విన్న మొదటి మాట. కొడుకు మొహం పాలిపోయింది. "బాబాయ్, అమ్మకి మతి కూడా పోయిందా?"

"మతి పోయింది నీకురా! ఎనిమిది ఏడులు యాభై ఆరు కాదూ? ఎనిమిదో ఎక్కం చెబుతోంది మీ అమ్మ!"

ఆ అమ్మాయి నవ్వేసింది. "ఎప్పుడో నోటికొచ్చినవి ఒక్కోసారి అలా మిగిలిపోతాయండీ. రోజూ ఎవరైనా మొదటి ముక్క అందించండి. ఆ దారిలోనే సొంత మాట కూడా రావచ్చు. రాకపోనూవచ్చు."

నేను అందిస్తే వదిన పట్టించుకోలేదు. మనవరాలు అడిగితేనే పలికేది. మనవరాలికేమో ఒక్క ఎక్కమూ రాదు. "మా బళ్ళో అవి లేవు తాతయ్యా, ట్యాబ్ చెప్పేస్తుంది" అంది. దాంతో సాయంత్రం నేను గులకరాళ్ళు పెట్టి నేర్పడం, పొద్దున్నే అది నానమ్మకు అందించడం. అది "రెండ్రెళ్ళు" అంటే చాలు, "నాలుగు" వచ్చేది.

ఎక్కాలు సాగాయి కానీ సొంత మాట రాలేదు. మంచినీళ్ళు కావాలన్నా చెంబు వైపు చూడటమే. "లెక్కలన్నీ చెబుతుంది గానీ నన్నొక్కసారి పిలవదు బాబాయ్" అన్నాడు కొడుకు. ఇక ఇంతేనేమోనని నాకూ భయం పట్టుకుంది.

ఒక పొద్దున పిల్ల ఆరో ఎక్కం తనే మొత్తం చెబుతానని మొదలుపెట్టింది. "ఆరెనిమిదులు నలభై ఆరు" అంది. వదిన ఎడమచేత్తో కుర్చీ మీద చరిచింది. పిల్ల మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే తప్పింది. మూడోసారీ తప్పేసరికి రాళ్ళన్నీ కింద పారబోసింది.

"నాకు రాదు నానమ్మా, నాకేం రాదు!" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

వదిన పెదవులు కదిలాయి. "ఏడు" అంది.

పిల్ల ముక్కు తుడుచుకుంది. "ఏడో ఎక్కమా?" అని, వెక్కుతూనే అందుకుంది. "ఏడొకట్ల ఏడు..."

వదిన కాదన్నట్టు తల ఊపింది. ఎడమచేత్తో పిల్లను దగ్గరకు లాక్కుని చెంప తుడిచింది.

"ఏడు... ఏడవ... ఏడవకు."

పిల్ల ఏడుపు ఆపేసింది. గుమ్మంలో నిలబడ్డ కొడుకు మొదలుపెట్టాడు.