సీటు మీద పాస్‌పోర్టు

ఐదేళ్లుగా నేను జపాన్‌లోని ఒసాకాలో ముసలివాళ్లను చూసుకునే పని చేస్తున్నాను. అక్కడ హోటల్‌కి వెళితే ముందు టేబుల్ మీద ఫోనో, పర్సో పెట్టి సీటు ఆపుకుంటారు. తర్వాత తీరిగ్గా వెళ్లి ఆర్డర్ ఇస్తారు. ఎవరూ ముట్టుకోరు. మొదట్లో నేను మాత్రం పర్సు చేతిలోనే పట్టుకుని వెళ్లేదాన్ని. తర్వాత నాకూ అదే అలవాటైపోయింది.

మొన్న సెలవు అయిపోయి తిరిగి వెళుతూ సిద్దిపేట బస్టాండ్‌లో హైదరాబాద్ బస్సెక్కాను. సీట్లో హ్యాండ్‌బ్యాగ్ పెట్టి నీళ్ల సీసా కోసం దిగాను. వచ్చి చూస్తే బస్సు లేదు! పాస్‌పోర్టు, ఫోను, అన్నీ ఆ బ్యాగులోనే. సాయంత్రమే విమానం. చెప్పులు చేతబట్టుకుని గేటు వైపు పరుగెత్తాను.

గేటు దగ్గర బస్సు ఆగి ఉంది. కండక్టర్ కేకలేస్తున్నాడు. నా పక్క సీటు అవ్వ ఫుట్‌బోర్డు మీద నిలబడి, నా బ్యాగు చంకలో బిగించి, "పిల్ల అచ్చేదాక బస్సు కదలనియ్య!" అంటోంది.

నన్ను చూడగానే తన చేతిరుమాలు ఊపుతూ విరుచుకుపడింది. "సీటుకు దస్తీ ఏస్తరు గని, బ్యాగు ఏస్తరా బిడ్డా? తెలివున్నదా నీకు?"

హైదరాబాద్‌లో దిగేదాకా ఆమె బ్యాగు నా చేతికివ్వలేదు.

ఇప్పుడు ఒసాకాలో నా తోటివాళ్లు సీటుకు ఫోన్లు పెడతారు. నేను దస్తీ వేస్తాను.