పదకొండు నెలల పచ్చరంగు

మార్చి మూడో తేదీ, మంగళవారం. 1,846 పరీక్షలు, 1,846 ఉత్తీర్ణం.

ఆ అంకె తెర మీద పచ్చగా మెరుస్తోంది. ఆమె మాత్రం దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న సమయం కేసి చూస్తోంది. నాలుగు నిమిషాలు. ఎంత లేదన్నా మూడు గంటల పది నిమిషాలు పట్టే పని అది. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. నాలుగు నిమిషాలే.

ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు. ఆ కంపెనీలో చేరి పందొమ్మిదేళ్ళయింది. ఒకే ఫైలును నలుగురైదుగురు ఇంజనీర్లు మారుస్తున్నప్పుడు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకుని, అడిగినప్పుడు పాత కాపీని తీసి ఇచ్చే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉన్నాయి. వాటిని వెర్షన్ కంట్రోల్ అంటారు. ఇంజనీర్లు పనిచేసే ప్రోగ్రాములకూ వాటికీ మధ్య వంతెన కట్టడం ఈ కంపెనీ వ్యాపారం. అలాంటి వంతెనలు మూడున్నాయి. వాటిలో అన్నిటికన్నా పాతదాన్ని ఇప్పటికీ పదకొండు సంస్థలు వాడుతున్నాయి. దాన్ని పరీక్షించే బాధ్యత ఏళ్ళ తరబడి ఆమెదే. అందుకే ఆఫీసులో ఆమెకు ‘మ్యూజియం’ అని పేరుపడింది. కుర్రకారు ఎదురుగానే “మ్యూజియం అక్కా” అని పిలుస్తారు. “టిక్కెట్టు కొనుక్కుని రండి” అంటుంది ఆమె తల తిప్పకుండా.

ఆ పరీక్షలు ఎవరికీ ఊసుపోక పుట్టినవి కావు. ప్రతి పరీక్ష నెత్తి మీదా అది ఎందుకు పుట్టిందో ఒక వాక్యం ఉంటుంది. ‘శుక్రవారం చేసిన మార్పులు సోమవారానికి మాయం, నీటి సరఫరా సంస్థ ఇంజనీరు ఫోను చేశారు.’ ‘ఫైలు పేరు మధ్యలో ఖాళీ వదిలితే పాత కాపీ వచ్చి కొత్తదాని మీద కూర్చుంటోంది.’ ఎవరో ఒకరు రోజంతా చేసిన పని పోగొట్టుకుని, ఫోనులో గొంతు చించుకున్నాకే ఆ వాక్యాల్లో ఒక్కొక్కటీ పుట్టింది. అందులో సగానికి పైగా ఆమె చేత్తో రాసినవే.

పోయిన ఏప్రిల్లో ఆమెను కొత్త వంతెన పనికి మార్చారు. పాత పరీక్షలు రోజూ వాటంతటవే నడుస్తాయనీ, ఫలితం నేరుగా మేనేజరుకు చేరుతుందనీ చెప్పారు. ఈ శుక్రవారం ఆ పాత వంతెనకు సవరించిన కొత్త రూపం, అంటే కొత్త రిలీజు, పదకొండు సంస్థలకూ వెళ్ళాలి. దాని ధ్రువపత్రం మీద సంతకం పెట్టడానికి మళ్ళీ ఆమెనే పిలిచారు.

ఆమె లోపలి రికార్డు తెరిచింది. మొదటి పంక్తి: ‘సర్వరు దొరకలేదు. దాటవేయబడింది. ఉత్తీర్ణం.’ రెండో పంక్తీ అదే. కిందికి జరుపుతూ పోయింది. పద్దెనిమిది వందల నలభై ఆరు పంక్తులూ అవే. రోజులు వెనక్కి తిప్పుకుంటూ వెళితే ఏప్రిల్ రెండో వారం దాకా ఒకటే పాట.

పరీక్షలన్నీ మాట్లాడవలసిన పాత సర్వరు, సమావేశాల గది పక్కనున్న మూలలో ఉండేది. ఆమె గబగబా అక్కడికి వెళ్ళింది. అక్కడ మంచినీళ్ళ యంత్రం ఉంది. గోడ దగ్గర ఎలక్ట్రీషియన్ ట్యూబులైటు మారుస్తున్నాడు.

“ఇక్కడ నల్ల పెట్టె ఒకటి ఉండాలే, ఏమైంది?”

“అదా మేడమ్? దాని ఫ్యాను మోతకి మీటింగులో మాటలు వినపడట్లేదన్నారు. పీకేశాను.”

“ఎవరన్నారు?”

“ఎవరనేముంది, అందరూ అన్నారు. ‘ఆపవద్దు’ అని చీటీ అంటించి ఉందండీ అని నేనూ చెప్పాను. చీటీలు అన్నిటికీ ఉంటాయిలే అన్నారు. స్టోరు రూములో విరిగిన కుర్చీల కింద ఉంది. పారెయ్యలేదు మేడమ్, నాకెందుకో చేతులు రాలేదు.”

పదకొండు నెలలు. ఈలోగా రెండు రిలీజులు ఇదే పచ్చరంగు చూపించి బయటికి వెళ్ళాయి. వాటి ధ్రువపత్రాల మీద మేనేజరు సంతకముంది. ‘వరుసగా మూడు వందల రోజులు ఒక్క వైఫల్యమూ లేదు’ అని ఫిబ్రవరిలో అందరినీ నిలబెట్టి చప్పట్లు కొట్టించారు కూడా. తానూ కొట్టింది. ఆ సంగతి గుర్తుకొచ్చి ఆమెకు అరచేతులు మండాయి.

సర్వరు లేకపోతే పరీక్ష ఆగిపోయి ఎర్రరంగు చూపించాలి. అలా కాకుండా ‘ఉత్తీర్ణం’ అనమని చెప్పిన మహానుభావుడెవరో తేల్చుకోవాలనుకుంది. పరీక్షల ఫైళ్ళను కూడా వెర్షన్ కంట్రోల్లోనే పెడతారు కాబట్టి ఏ పంక్తి ఎవరు రాశారో అది చెబుతుంది. అడిగింది. చెప్పింది. ఆరేళ్ళ కిందటి తేదీ, మూడు పంక్తులు, పైన ఒక వాక్యం: ‘తాత్కాలికం. సర్వరు కేబుళ్ళ పని అయిపోగానే వారంలో తీసేయాలి.’ రాసిన వ్యక్తి పేరు ఆమెదే.

ఆమె ఆ మూడు పంక్తులనూ మళ్ళీ మొదటినుంచి చదివింది.

ఆ సాయంత్రం ఇంట్లో, పై వాటాలో ఉండే ఆడపడుచు కిందికి వచ్చింది. ఆడపడుచు ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. విషయమంతా విని నోరు వెళ్ళబెట్టింది.

“అంటే రక్తం తియ్యకుండానే ‘అంతా నార్మల్’ అని రిపోర్టు ఇచ్చారన్నమాట. అదీ పదకొండు నెలలు! మా దగ్గరైతే తలుపుకి తాళం వేసేవాళ్ళు వదినా.”

“ఆ రిపోర్టు కాగితం అచ్చు వేయించి పెట్టింది నేనేనే.”

“వారం కోసం వేశావు. ఆరేళ్ళు మర్చిపోయావు. తప్పే, కాదనను. ప్లగ్గు కూడా నువ్వే పీకావా? చప్పట్లు కొట్టించింది కూడా నువ్వేనా? అన్నీ నెత్తినేసుకుని తిరగడానికి నీదేమన్నా కూలి తలా?”

బడిలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసే భర్త అప్పటిదాకా పిల్లల బొమ్మలు దిద్దుతూ ఊరుకున్నాడు. ఇప్పుడు తలెత్తి అన్నాడు. “రేపు ఆ పెట్టె నడుస్తుందో లేదో ముందు చూడు. కోపం ఎటూ పోదు, ఉంటుంది.”

“ఏమండీ, మీకసలు కోపమే రాదా?”

“వస్తుంది. సెలవుల్లో వస్తుంది.”

ఆడపడుచు పకపకా నవ్వింది. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

బుధవారం పొద్దున ఎలక్ట్రీషియన్ పెట్టెను భుజాన వేసుకుని వచ్చి, దుమ్ము దులిపి, ప్లగ్గు పెట్టాడు. అది రెండుసార్లు మొరాయించి మూడోసారి మోత మొదలుపెట్టింది. ఆమె తన మూడు పంక్తులనూ చెరిపేసి, పది గంటలకు పరీక్షలు మొదలుపెట్టింది. ఒంటిగంట దాటాక ఫలితం వచ్చింది. 1,609 ఉత్తీర్ణం, 237 విఫలం. విఫలమైనవాటిలో కొన్ని కేవలం వయసు పైబడినవి. పాత తేదీలూ పాత చిరునామాలూ పట్టుకుని వేలాడుతున్నవి. అరవైకి పైగా మాత్రం నిజమైన దెబ్బలు. ఫైలు పేరులో ఖాళీ ఉంటే పాత కాపీ వచ్చి కొత్తదాని మీద కూర్చోవడం మళ్ళీ మొదలైంది. ఎప్పటినుంచి అని వెతికితే, బయటికి వెళ్ళిపోయిన రెండు రిలీజుల్లోనూ ఉంది.

ఆ కాగితాలు పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళింది. మేనేజరు ఆమెకన్నా పదేళ్ళు చిన్నవాడు.

“మంగళవారం రిపోర్టు ఉంది కదా మేడమ్. అంతా పచ్చగానే ఉంది. దాని మీద పెట్టేయండి సంతకం. ఈ 237 సంగతి తర్వాతి రిలీజులో చూసుకుందాం.”

“మంగళవారం పరీక్షే జరగలేదు సార్.”

“సిస్టం ఉత్తీర్ణం అంది. మనం కాదంటే ఎలా?”

“అనమని చెప్పింది నేను సార్. అదే చెబుతున్నాను.”

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. గొంతు మెత్తబడింది. “చూశాను. ఆ పంక్తులు మీవే. ఇది పైకి వెళితే ముందు వచ్చే పేరు మీది. పందొమ్మిదేళ్ళ సర్వీసు. మీ మంచికే చెబుతున్నాను. ఇంతకీ ఆ పాతది ఎవరు వాడుతున్నారు మేడమ్? పదకొండు మంది!”

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తన తప్పును తనకే బెదిరింపుగా చూపిస్తున్నాడనే కోపం ఒకటి. ‘పదకొండు మంది’ అన్న మాటను అతను చీమల్ని లెక్కపెట్టినట్టు అన్నాడన్నది అంతకు మించిన కోపం. ఆ పదకొండింటిలో ఒకటి పట్టణానికి నీళ్ళిచ్చే సంస్థ. పంపులు ఎప్పుడు ఆడాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ఫైళ్ళు ఈ వంతెన మీదుగానే పోతాయి.

“సంతకం పెడతాను సార్. ఆ పత్రం ఇవ్వండి.”

అక్కడే నిలబడి రాసింది. ‘ఏప్రిల్ నుంచి ఈ మంగళవారం వరకు జరిగిన పరీక్షలు: సున్నా. బుధవారం జరిగినవి: 1,846. విఫలం: 237. పరీక్ష జరగకపోయినా ఉత్తీర్ణం చూపించిన మూడు పంక్తులు ఆరేళ్ళ కిందట నేను రాశాను, తీసేయడం మరిచాను. సర్వరును నాకు చెప్పకుండా తొలగించారు. ఈ మధ్యలో వెళ్ళిన రెండు రిలీజులకు పరీక్ష లేదు. ఈ రిలీజు వెళ్ళడానికి వీల్లేదు.’ కింద పూర్తి పేరుతో సంతకం చేసింది. ధ్రువపత్రం కాపీ ఎప్పుడూ వెళ్ళే నాలుగు విభాగాలకూ, తన చేత్తోనే పంపింది.

మేనేజరు ఆ పత్రం మొదటినుంచి చివరిదాకా చదివాడు. “ఇంత ఆవేశం పనికిరాదు” అన్నాడు.

“ఆవేశంలో ఇన్ని అంకెలు రాయలేం సార్.”

తర్వాతి వారం సోమవారం ఆమెకు సంజాయిషీ నోటీసు వచ్చింది. మూడు పంక్తులు ఎందుకు రాశారు, ఎందుకు తీసేయలేదు అని అందులో రెండే ప్రశ్నలు. సర్వరు గురించి గానీ సంతకాల గురించి గానీ పల్లెత్తు మాట లేదు. ఆ రెండింటికీ ఒక్కో వాక్యంలో జవాబు రాసి, అడగని నాలుగు ప్రశ్నలను కింద వరుసగా తానే అడిగింది. శుక్రవారం ఆగిపోయిన రిలీజు వాయిదా పడినట్టు మంగళవారం ప్రకటించారు. పదకొండు సంస్థలకూ వెళ్ళిన ఉత్తరంలో ‘మరింత మెరుగైన సేవ కోసం’ అని ఉంది. గురువారం నీటి సరఫరా సంస్థ ఇంజనీరు ఆమె బల్లకే ఫోను చేశాడు.

“ఏంటమ్మా, మెరుగు మెరుగు అంటున్నారు, అసలు ఏమైంది?”

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. తన పంక్తులతో మొదలుపెట్టి, రెండు రిలీజుల దాకా. అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

“అయితే పోయిన వర్షాకాలంలో మేం మార్చిన పంపుల టైములు... మళ్ళీ పాతవే వచ్చి కూర్చుంటే, మార్చడం మావాళ్ళు మర్చిపోయారనుకుని ఒకతన్ని తిట్టి పక్కన కూర్చోబెట్టామమ్మా.”

“ఆ ఫైలు పేరులో ఖాళీ ఉందా అండీ?”

“ఉంది.”

“అయితే ఆయన మర్చిపోలేదు.”

“ఈ మాట కాగితం మీద రాసిస్తావా?”

మేనేజరు ఆమె బల్ల పక్కనుంచి వెళుతూ ఆగాడు. ఎవరని కళ్ళతోనే అడిగాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకునే, అతనికి వినపడేలా చెప్పింది. “రాసిస్తానండీ. ఫైళ్ళ పేర్లు చెప్పండి, ఒక్కొక్కటీ చూద్దాం.”

కలం తీసుకుని మొదటి పేరు రాసుకుంది.