సూరమ్మ మామ్మ మంచం మీద ఖాళీ చోటు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు నమ్మకం లేదు. నర్సింగ్ చదివే రోజుల్లో శవాల గది ఎదురుగా ఉన్న అరుగు మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పిన మనిషిని. అలాంటి నాకే ఇది జరిగింది. చెబితే నవ్వుతారని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. నవ్వితే నవ్వండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆత్రేయపురం వైపు, కాలవ గట్టున ఉన్న ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా చేశాను. ధనుర్మాసంలో అక్కడ పొద్దున్నే మంచు దిగితే కాలవ ఎక్కడ అయిపోయిందో, వరండా ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. ముసలివాళ్లు శాలువాలు కప్పుకుని ఆ తెల్లదనంలో నెమ్మదిగా కదులుతుంటే, నేనింకా నిద్ర లేవలేదేమో అనిపించేది.

అంతకు ముందు చలికాలం ఫ్లూ జ్వరం వచ్చి, అది న్యుమోనియాలోకి దిగి కొందరు పోయారు. అందుకే ఆ ఏడు రాజమండ్రి నుంచి వచ్చే డాక్టరుగారు ఐసు పెట్టెలో ఫ్లూ టీకాలు తెచ్చారు. ఆయన ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. పెద్ద వయసులో ఈ టీకా కుర్రాళ్లలో పనిచేసినంతగా పనిచేయదనీ, వేసుకున్నా జ్వరం రావచ్చనీ, కానీ ప్రాణం మీదికి రాకుండా చాలావరకు కాస్తుందనీ అన్నారు. వేసిన రెండు వారాలకు గానీ ఒంటికి పట్టదట.

టీకా అనగానే మా ముసలివాళ్లకు గుర్తొచ్చింది మశూచి టీకా. వాళ్ల చిన్నప్పుడు టీకా వేయించుకుంటే ఇంటికి అమ్మవారు వచ్చినట్టే లెక్క. ఆవిడ వెళ్లేదాకా ఇంట్లో తాలింపు పెట్టకూడదు, ఆ ఘాటు ఆవిడకు గిట్టదు. ఇది వేరే టీకా అని నేనెంత మొత్తుకున్నా వింటేనా! గుమ్మాలకు వేపమండలు కట్టారు. రెండు వారాలపాటు తాలింపు లేని పప్పు, తాలింపు లేని చారు. వంటావిడ గొణుక్కుంది. నాకూ నోరు చచ్చిపోయింది. సూది పడితే చాల్లే అని ఊరుకున్నాను.

అందరూ వేయించుకున్నారు, సూరమ్మ మామ్మ తప్ప. మండపేటలో కిరాణా కొట్టు నడిపిన కుటుంబం ఆవిడది. భర్త పోయాక తనే వచ్చి ఆశ్రమంలో చేరింది. ఊపిరితిత్తులు బలహీనం, వరండా మెట్లెక్కితే చాలు ఆయాసం. నిజానికి టీకా అందరికన్నా ఆవిడకే అవసరం. పైగా నేనంటే ఆవిడకు ప్రాణం, నాకూ అంతే. సూదితో వెళ్తే చేయి కొంగులో దాచుకునేది. బతిమాలాను, కోప్పడ్డాను, కొన్నాళ్లు మాట్లాడ్డం మానేశాను.

చివరికి ఒక మధ్యాహ్నం తనే చెప్పింది. వాళ్ల పాప అడుగులు బాగా నేర్చిన వయసులో ఊళ్లోకి టీకాల వాళ్లు వచ్చారట. పసిదాని చేతికి గాయం చేస్తారని భయపడి, పిల్లను కొట్టు వెనక బియ్యం బస్తాల మధ్య దాచేసిందట. ఆ వేసవిలోనే పాపకు అమ్మవారు పోసింది. ఒళ్లు కాలిపోతూ, ఆవిడ పక్కలోనే పోయింది.

"దానికి లేకుండా చేసి, ఇప్పుడు నన్నేయించుకోమంటావేంటి సిస్టరమ్మా?" అంది.

ఆవిడ చేయి పట్టుకుని పక్కన కూర్చున్నాను. పొద్దు వాలుతుంటే, నా తృప్తి కోసమే అంటూ చేయి చాపింది. ఫ్రిజ్‌లో దాచి ఉంచిన టీకా తెచ్చి వేశాను. అప్పటికే మిగతావాళ్లు అమ్మవారిని చలివిడితో సాగనంపేసి, వంటింట్లో తాలింపులు మొదలెట్టించారు.

వారం తిరక్కుండానే ఆశ్రమంలోకి జ్వరం వచ్చింది. టీకా పడినవాళ్లు దగ్గారు, మూలిగారు, లేచి తిరిగారు. నా భయమంతా మామ్మ గురించే. ఆవిడ టీకా ఇంకా ఒంటికి పట్టలేదు. ఇప్పుడు జ్వరం వస్తే ఆ ఊపిరితిత్తులు తట్టుకోవని డాక్టరుగారి ముఖం చూస్తేనే తెలిసిపోయింది. ఆవిడను ఒక్కదాన్నే చివరి గదిలోకి మార్చాను.

మర్నాడు పొద్దున్న వెళ్లేసరికి కిటికీలోంచి మంచు లోపలికి వస్తోంది. మామ్మ మంచం అంచున, గోడ వైపు ఒదిగి పడుకుంది. మిగిలిన ఖాళీ చోటంతా తన శాలువా కప్పి ఉంది. సరిగ్గా పడుకోబెడదామని ఆ శాలువా మీద చేయి వేశాను. సెగ తగిలింది. జ్వరంతో ఉన్న పసిపిల్ల పొట్ట మీద చేయి వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మామ్మ నుదురు మాత్రం చల్లగా ఉంది.

"మెల్లిగా అమ్మా. ఇప్పుడే కునుకు పట్టింది," అంది మామ్మ.

వేడినీళ్ల సంచీ ఏమైనా ఉందేమోనని వెతికాను, లేదు. ఎండ ఇంకా రాలేదు. పరుపు ఎత్తి చూశాను, కింద చెక్క చల్లగా ఉంది. శాలువా మడతలో థర్మామీటరు పెడితే నూట మూడు చూపించింది. అది విదిలించి, కడిగి మామ్మ నాలుక కింద పెడితే మామూలుగా ఉంది. ఇంకో థర్మామీటరు తెచ్చినా అంతే. డాక్టరుగారికి చెబితే, నాకు నిద్ర చాలడం లేదని రెండు రోజులు సెలవు పెట్టమన్నారు.

నేను పెట్టలేదు. ఆ తర్వాతి నాలుగు రోజులూ కలలో తిరిగినట్టు తిరిగాను. మామ్మ ఆ ఖాళీ చోట తడిగుడ్డ వేసేది, అది ఇట్టే ఆరిపోయేది. నేను మళ్లీ తడిపి, పిండి ఇచ్చేదాన్ని. భయం వేయలేదు. పిల్లకు ఎలా ఉందో అన్న బెంగ మాత్రం ఉండేది, నిజం చెప్పాలంటే.

ఒక పొద్దున్న మంచు పలచబడింది. లోపలికి వెళ్లేసరికి మామ్మ లేచి కూర్చుని ఏడుస్తోంది. ఆవిడ చూపించిన చోట చేయి వేశాను. చల్లగా ఉంది. దుప్పటి చెమ్మగా ఉంది. అప్పటికింకా గుడ్డ తడపలేదు.

"చెమట పట్టిందమ్మా. దిగిపోయింది," అంది మామ్మ. "అప్పుడు దిగలేదు."

ఇద్దరం కలిసి ఏడ్చాం.

ఆ చలికాలం సూరమ్మ మామ్మకు జ్వరం రానే లేదు. రెండు వారాలు కాకముందే ఒంటికి పట్టేసి టీకా కాసిందని డాక్టరుగారు అన్నారు. కాసే ఉంటుంది. నేనిప్పటికీ పెద్దవాళ్లకు ఏటా ఆ టీకా వేస్తున్నాను, వద్దన్నవాళ్లతో పోట్లాడి మరీ వేస్తున్నాను. కానీ ఆ దుప్పటి చెమ్మ నా అరచేతికి తగిలింది. ఆ చెమట ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.