బావిలో తేల్చిన బరువు

డైవింగ్ నేర్పే ఆయన నా బరువెంతని అడిగితే ఎనభై రెండని చెప్పాను. పక్కనే ఉన్న మా ఆవిడ చిన్నగా దగ్గింది. నరసరావుపేటలో పప్పుల కొట్టు నాది. పొద్దున లేస్తే తూకాలతోనే పని. అయినా నా తూకం దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది కిలోలు కోసేశాను.

మా ఆవిడ హైస్కూల్లో సైన్స్ టీచరు. విశాఖపట్నంలో సముద్రంలోకి దిగడం నేర్పుతారని తెలుసుకున్నదీ, ఇద్దరి పేర్లూ రాయించిందీ తనే. నాకు ఈత వచ్చు కాబట్టి అదేమంత పని అనుకున్నాను. అసలు తిప్పలు ఈతతో కాదు, మునగడంతో వచ్చాయి. ఒంటికి అతుక్కునే ఆ రబ్బరు సూటు వేసుకుంటే మనిషి బెండులా తేలిపోతాడు. అందుకని నడుముకి సీసపు దిమ్మల బెల్టు కడతారు. నేను చెప్పిన బరువు నమ్మి ఆయన కట్టిన సీసంతో నేను అరగంట సేపు నీళ్ళ మీదే గిలగిల్లాడాను. ఈలోపు మా ఆవిడ కిందికి వెళ్ళి చేపల్ని చూసి వచ్చింది.

మర్నాడు ఆయన సీసం రెట్టింపు చేశాడు. ఈసారి తిన్నగా పోయి ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడ్డాను. నేను లేపిన బురదలో ఎవరికీ ఏమీ కనబడలేదట. వచ్చేసే రోజు ఆయన మర్యాదగానే చెప్పాడు. ఎవరికెంత సీసం కావాలో వాళ్ళే తెలుసుకోవాలి. లోతు నీళ్ళలో సూటుతో దిగి, మామూలుగా ఊపిరి పీల్చి, కదలకుండా నిలబడితే నీళ్ళు కళ్ళ దాకా రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి.

నేను పట్టుదల మనిషిని. ఇంటికొచ్చాక సూటు తెప్పించాను. నకరికల్లులో మా బావమరిది మిరప చేలో దిగుడు బావి ఉంది. సీసం దొరకలేదు గానీ, కరెంటు కాటాలు రాకముందు వాడిన ఇనుప తూకం రాళ్ళు మా కొట్టు అటక మీద ఉన్నాయి. పట్టా గుడ్డతో బెల్టు కుట్టించి, ఓ ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. నన్ను ఆ సూటులోకి ఎక్కించడానికి మా బావమరిదికి చెమటలు పట్టాయి. మిరపకాయల్ని టిక్కీ బస్తాలో తొక్కడం ఇంతకంటే సుఖమన్నాడు. మా ఆవిడ బావి మెట్ల మీద నోటుబుక్కుతో కూర్చుని, పేజీ పైన నా బరువు తొంభై అని రాసి, దాని కింద గీత గీసింది.

నా చంకల కింద తాడు కట్టి, దాని కొస బావమరిది పట్టుకున్నాడు. నాలుగు కిలోలకి నీళ్ళు మెడ దగ్గర ఆగాయి. అయిదుకి పెదాల దాకా వచ్చాయి. ఆరో రాయి తేవడానికి బావమరిది బండి దగ్గరికి వెళ్ళాడు. ఈలోగా నేను గట్టెక్కి, తాడు విప్పి పక్కన పెట్టి, బెల్టు బిగించుకుంటూ కూర్చున్నాను. మా ఆవిడ కింద మెట్ల నీడలో ఉంది, పైకి కనబడదు.

పక్క చేలో కూలీకి వచ్చిన పెద్దావిడ ఒకామె అటుగా వచ్చింది. బావి గట్టున ఒంటరిగా కూర్చుని నడుముకి ఇనుప రాళ్ళు కట్టుకుంటున్న మనిషిని చూసింది. అరవలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఏ కట్టమైనా పైకి చెప్పుకుంటే చానా తేలికైద్ది నాయనా. ఇంట్లో ఏమన్నా గొడవా?"

"గొడవేం లేదు పెద్దమ్మా. బరువు చూసుకుంటన్నా."

"బరువు చూసుకోటానికి బావెందుకయ్యా? పేటలో కాటాలు లేవా?"

ఈ మాటలు విని మా ఆవిడ నవ్వు ఆపుకోలేక మెట్లెక్కి వచ్చింది. పెద్దావిడ తనకేసి జాలిగా చూసి, నువ్వు కూడానా తల్లీ అంది. సంగతంతా మా ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పెద్దావిడ అంతా వింది, తల ఊపింది, నా చెయ్యి మాత్రం వదల్లేదు. బావమరిది వచ్చి మళ్ళీ తాడు కట్టాకే వదిలింది. తర్వాత కూడా పనికి పోకుండా గట్టునే కూర్చుంది. నేను మునిగిన ప్రతిసారీ పైనుంచి, ఉన్నావా అని అడిగేది. ఉన్నానని చెప్పేదాకా మళ్ళీ మళ్ళీ అడిగేది. మొదట నవ్వొచ్చింది. మూడోసారికి నవ్వు రాలేదు. ఆమె ఇంతకుముందు ఏ బావి దగ్గర ఎవరి కోసం కూర్చుందో నేను అడగలేదు.

ఆరు కిలోల దగ్గర నీళ్ళు కళ్ళ దాకా వచ్చి ఆగాయి. ఊపిరి వదిలితే మెల్లగా మునిగాను. మా ఆవిడ నోటుబుక్కులో ఆరు చుట్టూ సున్నా చుట్టింది. వార్త మాకంటే ముందే పేట చేరింది. వారం పాటు పక్క బట్టల కొట్టాయన రోజూ నాకు టీ తెప్పించి, జీవితం చాలా గొప్పదని చెబుతూ వచ్చాడు.

చలికాలంలో మళ్ళీ విశాఖపట్నం వెళ్ళాం. నేర్పే ఆయన అడక్కముందే, ఆరు కిలోలని ధీమాగా చెప్పాను. ఆయన మా ఆవిడ వైపు చూశాడు. తను సముద్రం వైపు చూసింది. దూకాను. తేలాను. ఎంత ఊపిరి వదిలినా అంగుళం మునగలేదు.

"ఉప్పునీళ్ళు ఎక్కువ తేలుస్తాయండీ. మా ఎనిమిదో తరగతి పిల్లల్ని అడిగినా చెబుతారు," అంది మా ఆవిడ.

"బావి దగ్గరే చెప్పొచ్చుగా?"

"మీరడిగితే చెప్పేదాన్నిగా."

పడవ అంచున కూర్చుని తనే లెక్క కట్టింది. ఉప్పునీళ్ళకి మూడు, గాలి అయిపోయేకొద్దీ తేలికయ్యే సిలిండరుకి రెండు, మొత్తం పదకొండు. నేర్పే ఆయన ఆ కాగితం చూసి ఒక్క అంకె కూడా మార్చలేదు. దిగే ముందు నాతో మాత్రం, భయంతో ఊపిరి బిగబట్టకండి సార్, వదలండి అన్నాడు.

వదిలాను. నీళ్ళు కళ్ళు దాటాయి, తల దాటాయి. చేతులు ఆడించకుండానే కిందికి జారి, ఇసుకకి మూరెడు పైన ఆగాను. పసుపు చారల చేప ఒకటి వచ్చి నా ముఖం ముందు నిలబడింది. నేను కదల్లేదు. అదీ కదల్లేదు. కాస్త దూరంలో మా ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి, బాగున్నారా అన్నట్టు చూపించింది. నేనూ అలాగే చూపించాను.