సర్వర్‌లో బతికే ఉన్న పాత కాపీలు

ఫరీదాబాద్‌లోని ఒక డయాలసిస్ కేంద్రం, రిసెప్షన్ వెనక గది. ఆ ఉదయం అక్కడ ఉన్నవి: ఒక ప్లాస్టిక్ బల్ల, నా లాప్‌టాప్, కేంద్రం వాళ్ల డెస్క్‌టాప్, అప్పుడే విప్పిన రెండు కొత్త డయాలసిస్ యంత్రాల అట్టపెట్టెలు. ఉన్నవాళ్లు: నేను, మా టీమ్ లీడ్, కేంద్రం ఇన్‌ఛార్జ్ నర్స్, తలుపు దగ్గర కుర్చీల్లో ఒక అంకుల్, ఆంటీ. టీమ్ లీడ్‌ది కరీంనగర్, నేను అక్కా అంటాను. నర్స్‌ను అక్కడ అందరూ దీదీ అంటారు. అంకుల్ కేంద్ర ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యాడు. వాళ్లిద్దరిదీ విజయనగరం వైపు. మా తెలుగు చెవిన పడగానే ఆంటీ కుర్చీని గది లోపలికి జరుపుకుంది.

గదిలో లేనిది సర్వర్. అది నోయిడాలో ఉంది. దాన్ని నేనెప్పుడూ కళ్లతో చూడలేదు.

అంకుల్‌కు వారానికి మూడుసార్లు డయాలసిస్ కావాలి. ఈ కేంద్రంలో రెండుసార్లకే చోటు దొరికింది. మూడోసారి కోసం మెట్రో మారి, బస్సెక్కి, ఢిల్లీలో ఇంకో ఆసుపత్రికి వెళ్లాలి. తిరుగు ప్రయాణంలో ఆయన నిలబడలేడు. కొత్త యంత్రాలు వచ్చాయి కాబట్టి ఆ మూడోది కూడా ఇక్కడే కుదరవచ్చు. కాని స్లాట్లు ఇచ్చేది మేం తయారుచేసిన అప్లికేషన్. ఈ యంత్రాలున్న సంగతి దానికి తెలియదు. తెలిసిన కొత్త వెర్షన్ నా లాప్‌టాప్‌లో ఉంది. స్లాట్ల జాబితా మధ్యాహ్నం రెండింటికి మూసుకుంటుంది, మళ్లీ తెరిచేది వచ్చే నెలే.

అంతకుముందు మా వాళ్లు కొత్త వెర్షన్‌ను చేత్తో సర్వర్ మీదికి ఎక్కించేవాళ్లు. ఇకపై అలా కాదు, బిల్డ్ టూల్ నుంచే పంపాలని ఆఫీసులో తీర్మానించారు. నేను ఒక్క ఆదేశం టైప్ చేస్తే చాలు. అది కోడ్‌ను పరీక్షించి, ఒక ఫైలుగా మూటకట్టి, నోయిడా సర్వర్‌కు అప్పగించి, అక్కడ లేపి నిలబెడుతుంది. ఆ కేంద్రానికి అలా పంపడం అదే మొదటిసారి.

ఆదేశం ఇచ్చాను. సర్వర్ తలుపులోనే ఆపేసింది: అనుమతి లేదు.

“పాస్‌వర్డ్ తప్పు కొట్టినవా?” అంది అక్క.

“లేదక్కా. ఇదే పాస్‌వర్డ్‌తో బ్రౌజర్‌లో లోపలికి వెళ్తున్నాను.”

“మరింకేంది? మనుషులకొక పర్మిషన్, టూల్‌కొక పర్మిషన్. అది నువ్వడగలే, ఎవ్వలియ్యలే.”

ఆమె నా లాప్‌టాప్‌లోంచే సర్వర్‌లోకి వెళ్లి, టూల్‌కు కావాల్సిన అనుమతి రాసింది. మళ్లీ పంపాను. ఈసారి ఫైలు మొత్తం నోయిడాకు చేరింది. కాసేపు ఏ జవాబూ లేదు. తర్వాత ఎర్రటి అక్షరాలు: మెమరీ చాలదు.

“భయ్యా, హో గయా?” అయిందా అని దీదీ తలుపులోంచి తల పెట్టింది.

“థోడా రుకియే, దీదీ,” అని కాసేపు ఆగమన్నాను.

“ఏటి బాబూ, ఎక్కనేదా?” అంది ఆంటీ.

“ఎక్కింది ఆంటీ. కూర్చోడానికి చోటు లేదంటోంది.”

“మెట్రోలాగేనన్నమాట,” అన్నాడు అంకుల్ కళ్లు మూసుకునే.

నాకు అర్థం కాలేదు. ఈ అప్లికేషన్ చిన్నది. సర్వర్‌లో ఇది తప్ప ఇంకేమీ లేదు. ఉన్న మెమరీలో సగం కూడా దీనికి అక్కర్లేదు. కారణాలు ఒకదాని కింద ఒకటి రాసుకుని కొట్టేసుకుంటూ వచ్చాను. ఏదీ మిగల్లేదు. చివరికి, ఇప్పుడు ఏమేం నడుస్తున్నాయో చూపించమని సర్వర్‌నే అడిగాను.

జాబితా వచ్చింది. ఒకటి కాదు, తొమ్మిది. మా అప్లికేషన్ పేరు, దాని కింద అదే పేరుకు తోక ఓల్డ్, దాని కింద ఓల్డ్ టూ, ఆ తర్వాత బ్యాకప్, ఫైనల్, ఫైనల్ ఓల్డ్. అన్నిటి ఎదురుగా ఒకే మాట: నడుస్తోంది.

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. “అయ్యో. పాతది పారెయ్యకు, పేరు మార్చి పక్కకు వెట్టు అని చేరిన ప్రతోనికి జెప్పినం కదరా.”

అది మా టీమ్ ఆచారం. కొత్త ఫైలు పెట్టేముందు పాతదాని పేరు మార్చి, ఎందుకైనా మంచిదని అదే ఫోల్డర్‌లో ఉంచేవాళ్లు. సర్వర్‌కు తెలిసిన నియమం ఒక్కటే: ఆ ఫోల్డర్‌లో ఏ ఫైలు కనిపించినా విప్పి నడపాలి. మేం దాచిపెట్టామనుకున్న ప్రతి కాపీనీ అది లేపి పనిలో పెట్టింది.

ఉండబట్టలేక అన్నిటికన్నా పాతదాని చిరునామా బ్రౌజర్‌లో కొట్టాను. తెరుచుకుంది. నేను ఈ ఉద్యోగంలో చేరకముందటి రంగులు, అక్షరాలు. కాని అందులో కనిపిస్తున్నది ఈ రోజు జాబితా, బయట కూర్చున్న మనుషుల పేర్లు. తొమ్మిదీ ఒకే డేటాబేస్ చదువుతున్నాయి. ఎవరూ తలుపు తట్టకపోయినా, ఇన్నేళ్లుగా ప్రతిదీ వేళకు నిద్రలేచి, రోగుల వివరాలు చదివి, తనకు అప్పగించిన పని చేస్తూనే ఉంది. రాసినవాళ్లలో సగం మంది వేరే కంపెనీలకు వెళ్లిపోయారు. వాళ్ల మాట మాత్రం నోయిడాలో ఇంకా చెల్లుతోంది. ఒక యంత్రం ఇంత నమ్మకంగా ఉండగలదని నాకు అంతవరకూ తెలియదు.

ఆంటీకి తెలుగులో వివరించాను. ప్రతి కాపీ ముందురోజు సాయంత్రం రోగులకు గుర్తుచేసే మెసేజీ పంపుతుందని కూడా చెప్పాను.

“అందుకేటి! ఒకే మెసేజీ ఆగకుండా వస్తాది. ఈలకి మా మీద ఎంత శ్రద్ధో అని మా అక్కకి కూడా సెప్పీసాను, బాబూ!”

అంకుల్ నవ్వాడు. “మా కాలనీలోనూ ఉండీవోరు. రిటైరైపోయినా క్వార్టర్ ఖాళీ సెయ్యనోళ్లు.”

“నవ్వుడు తర్వాత. ఒంటిగంట దాటింది,” అంది అక్క. “పాతయన్నీ ఆ ఫోల్డర్ బయటికి జరుపు. పారెయ్యకు మల్ల.”

ఒక్కొక్కటే జరిపాను. ఫైలు కదిలిన కాసేపటికి జాబితాలో ఆ పేరు మాయమయ్యేది. మూడోది వెళ్లగానే రిసెప్షన్‌లోంచి కేక: “భయ్యా! మేరా పేజ్ గాయబ్ హో గయా!”

దీదీ పేజీ మాయమైందట, పరుగెత్తాను. దీదీ తెర మీద చిరునామా చివర ఓల్డ్ టూ అని ఉంది. ఎప్పుడో అసలుది పాడైన రోజున, ఈ పూటకు ఇది వాడండి అని మావాళ్లెవరో ఇచ్చారట. కేంద్రం అప్పట్నుంచీ దాని మీదే నడిచింది.

“మైనే కిత్నీ బార్ బోలా, బటన్ బడా కర్ దో,” అంది దీదీ. “ఆప్ లోగ్ బోలే, కర్ దియా.”

ఆమె అడిగిన ప్రతిసారీ బటన్ పెద్దది చేశామనే చెప్పాం. నిజంగానే చేశాం. ఆమె వాడుతున్న కాపీలో కాదు.

మిగిలినవీ జరిపి, సర్వర్‌ను ఒకసారి ఆపి లేపాక, ఆదేశం మళ్లీ ఇచ్చాను. ఫైలు వెళ్లింది. విప్పుకుంది. లేచింది. బల్ల మీద నా చేతులు కదలకుండా ఉన్నాయి, నోయిడాలో నేను చూడని గదిలో అప్లికేషన్ నిలబడింది. దీదీ తెర మీద అసలు చిరునామా పెట్టాను. జాబితా చివర కొత్త యంత్రాలు రెండూ కనిపించాయి, వాటి పక్కన పెద్ద బటన్.

“అచ్ఛా,” అంది దీదీ మెల్లగా, తెరను తాకి. తర్వాత అంకుల్ వైపు తిరిగి, మూడోసారికి శనివారం పొద్దున చూపిస్తూ, “అంకుల్‌జీ, శనివార్ సుబహ్, ఠీక్ హై?”

ఆయన కళ్లు తెరిచి తలూపాడు. ఆంటీ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. దీదీ బటన్ నొక్కి, వరండాలో మిగతావాళ్లను ఒక్కొక్కరినే పిలవడం మొదలుపెట్టింది.

రెండింటికి జాబితా మూసుకుంది. కొత్త యంత్రాల మీద స్లాట్ దొరికినవాళ్లు ఏడుగురు.